మొదటి డబ్బాకే టిక్కు

నేను ఇరవై ఆరేళ్లు జీతం తీసుకుని పాటలు విన్నాను. పెళ్లిచూపుల్లో నా పని ఇదని చెబితే మా మామగారు నా వంక చూసి, తర్వాత మధ్యవర్తి వంక చూసి, "అది సరే, నౌకరీ ఏంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

హోదా పేరు మాత్రం గంభీరంగా ఉండేది: నాణ్యతా పరీక్షాధికారి, ధ్వని విభాగం. ఆ విభాగంలో నేను, ఒక కుర్చీ, రెండు స్పీకర్లు. మేడ్చల్‌లో ఒక పక్క బిస్కెట్లు, ఇంకో పక్క ప్లాస్టిక్ బిందెలు తయారయ్యే షెడ్ల నడుమ మా ఫ్యాక్టరీ. తొంభైల్లో మేం యాంప్లిఫయర్లు చేసేవాళ్లం. పెళ్లిళ్లకు, భజనలకు, ఎన్నికల జీపులకు. వాటిని పరీక్షించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊరి అవతలి వాడికి వినబడితే పాసు, పొగ వస్తే ఫెయిలు.

ఈ మధ్య కొందరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, "సార్, శబ్దాన్ని ఎట్లా అంచనా వెయ్యాలి?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది. నా ఇంక్రిమెంట్ల చరిత్ర ఇందులో లేదు, ఉన్నా అర పేజీకి మించదు. నేను చేసిన ఒక తప్పు ఉంది. అది మాత్రం వివరంగా చెప్పాలి.

పటేల్ గారి తూకం

రెండు వేల సంవత్సరం దాటాక మా ఫ్యాక్టరీలోకి కన్వర్టర్ వచ్చింది. అదేమిటో తెలియనివారికి రెండు ముక్కలు. సీడీలో పాట పాటగా ఉండదు, అంకెలుగా ఉంటుంది. ఆ అంకెల్ని తిరిగి శబ్దంగా మార్చే పని ప్లేయర్ లోపల ఒక చిప్ చేస్తుంది. చవక ప్లేయర్లలో అది ఆ పనిని మొక్కుబడిగా చేస్తుంది. అదే పనిని విడిగా, శ్రద్ధగా చేసే డబ్బా పేరు కన్వర్టర్. ఒక వైపు ప్లేయర్ తీగ, ఇంకో వైపు ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్ తీగ. బయటి దేశాల్లో దీన్ని డబ్బున్నవాళ్లు కొనేవారు. మామూలు గుమాస్తా కూడా కొనుక్కునేలా మనం చేద్దామని మా యజమానికి బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి మంచిదేనని ఇప్పటికీ అంటాను.

యజమాని యాదిరెడ్డి గారిది రావల్కోల్ వైపు భూములున్న కుటుంబం. అందరం పటేల్ అనేవాళ్లం. ఎద్దుని, వడ్లని, మనిషిని కంటితో తూచేవాడు. శబ్దాన్ని మాత్రం చేత్తో తూచాడు. మొదటి నమూనా ఆయన అరచేతిలో పెడితే రెండుసార్లు ఎగరేసి పట్టుకుని, "గిది మస్తు తేలికున్నది సుదర్శనం సాబ్. గింత తేలిక దాంట్ల పాటేడ ఉంటది?" అన్నాడు.

పాటకు బరువుండదని నేను విన్నవించుకున్నాను. మరుసటి వారం డబ్బా అడుగున ఇనప పలక బిగించి ఉంది. దాన్ని ఆన్ చేసి వినిపిస్తే పటేల్ బావమరిది, ఇద్దరు డీలర్లు కళ్లు మూసుకుని తలలూపి, కింది స్వరాలు ఇప్పుడు గట్టిపడ్డాయన్నారు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే నాకూ కొంచెం అలాగే అనిపించింది.

నగరం నుంచి ఒక పత్రికాయన కూడా వచ్చేవాడు. కొత్త పరికరాల గురించి రాయడం ఆయన పని. మా డబ్బా ముందు పావుగంట కూర్చుని, గాయని వెనకాల ఉన్న గాలి కూడా వినిపిస్తోందని, శబ్దం మీది తెర తొలగిపోయిందని పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన భోజనానికి లేచాక చూస్తే డబ్బా స్విచ్చి వేసే లేదు. పాట ప్లేయర్ నుంచి నేరుగా యాంప్లిఫయర్‌కు పోతోంది. ఆ గాలి మా సీలింగ్ ఫ్యానుది. వ్యాసం మాత్రం అచ్చయింది, చాలా బాగుందని పది మంది ఫోన్లు చేశారు.

ఇలాంటి అనుభవాల తర్వాత నాకు కాస్త గర్వం పట్టుకుంది. అందరూ కళ్లతో, చేతులతో వింటున్నారు, చెవితో వినేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. జాగ్రత్త నాయనా, ఈ వృత్తిలో మనిషి చెడిపోయేది సరిగ్గా ఇక్కడే.

రెబెక్కా బోర్డు

కన్వర్టర్‌కు రెండు నమూనాలు తయారయ్యాయి. ఒకటి శ్రీకాంత్‌ది. పటేల్ మేనల్లుడు, అప్పుడే ఇంజనీరింగ్ పూర్తి చేసి వచ్చాడు. మంచి అబ్బాయే, ఈ కథలో అతని తప్పేమీ లేదు. ఒక విదేశీ డబ్బా తెప్పించి, విప్పి, లోపల ఏముందో అదే వరసలో పేర్చాడు. విడిభాగాలన్నీ ఖరీదైనవి.

రెండోది రెబెక్కాది. మేడ్చల్ అమ్మాయి. డిప్లొమా చదివి మా దగ్గర సోల్డరింగ్ బల్ల మీద చేరింది. ఏడేళ్లు ఇతరుల సర్క్యూట్ బోర్డులు బాగుచేసి బాగుచేసి, ఎవరి బోర్డు ఎక్కడ చెడుతుందో చూడకుండా చెప్పేది. చర్చిలో పాట ఎత్తేది ఆమే. హార్మోనియం ఆయన ఆమె ఎత్తాక శృతి వెతుక్కునేవాడు కానీ, ఆమె హార్మోనియం కోసం ఎప్పుడూ ఆగలేదు. తన కన్వర్టర్‌లో చవక చిప్పే వాడింది. కరెంటు శుభ్రంగా అందేలా చూస్తే ఈ చిప్ చాలని ఆమె వాదన. శ్రీకాంత్ డబ్బాకు అయ్యే ఖర్చులో సగానికే ఆమెది తయారయ్యేది.

ఏది తయారు చెయ్యాలో విని చెప్పే పని పటేల్ నాకు అప్పజెప్పాడు. "నీ చెవి ఏదంటె అదే సాబ్. గెలిసినోళ్లే ఇగ డిజైన్ సూస్కుంటరు" అన్నాడు. అంటే రెబెక్కా గెలిస్తే సోల్డరింగ్ బల్ల నుంచి లేచి డిజైన్ గదిలో కూర్చునే మొదటి మనిషి అవుతుంది. ఓడితే మళ్లీ అదే బల్ల, అదే పొగ.

పరీక్షకు ముందు రోజు ఆమె నా గది గుమ్మంలో నిలబడి, "సార్, నాది ఓడిపోయినా ఏం గాదు. మంచిగ వినుండ్రి, గంతే" అంది.

"నేను వినక ఇంకెవరు వింటారమ్మా" అన్నాను. అలా మాట్లాడేవాణ్ణి అప్పట్లో.

డప్పు

పరీక్షకు ఏ శబ్దం వాడాలి? సినిమా పాట పనికిరాదు. స్టూడియోలో అసలు ఎలా పాడారో మనకెవరికీ తెలియదు, కాబట్టి డబ్బా దాన్ని ఎలా పాడుచేసినా తెలియదు. మా షెడ్డులో ప్రతి మనిషికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన శబ్దం ఒకటే, డప్పు. ఈ ఆలోచన నాదే, ఇప్పటికీ మంచి ఆలోచనే.

రావల్కోల్‌లో ఎల్లయ్య అని పేరున్న డప్పు కళాకారుడు ఉండేవాడు. అద్దెకు తెచ్చిన రికార్డరు, రెండు మైకులు పట్టుకుని ఒక పొద్దున వాళ్ల వాడకు వెళ్లాను. ఆయన గడ్డిమంట వేసి, డప్పు చర్మాన్ని ఆ సెగకు కాచి, వేలితో తట్టి చూసుకుని, ఇక కానిద్దామన్నాడు. ఒకటే దరువు రెండుసార్లు కొట్టించుకున్నాను. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని. మధ్యలో ఒక మైకు తీగ గరగరమంటే దాన్ని సరిచెయ్యడానికి చాలాసేపు పట్టింది. తర్వాత, ఒకటే చెయ్యి, ఒకటే దరువు కదా అని, ఆ రెండింటినీ ఒక సీడీ మీద ఒకదాని వెంట ఒకటి ఎక్కించాను.

ఎందుకలా అంటే, పరీక్షలో ప్లేయర్ ఒక్కటే. మొదటి డబ్బాతో ఒక దరువు వినిపించాలి, తీగ మార్చాలి, రెండో డబ్బాతో మళ్లీ అదే దరువు వినిపించాలి. వెంటనే మళ్లీ మొదటికి తిప్పడానికి రిమోట్ కావాలి. ప్లేయర్ పటేల్ గారి ఇంటిది, దాని రిమోట్ ఆయన ఇంట్లోనే ఉండిపోయింది. అందుకని రెండు దరువుల మధ్య కొంచెం మౌనం పెట్టాను, తీగ మార్చుకునేందుకు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దుప్పటి పరీక్ష

పరీక్ష రోజున నేను తీసుకున్న జాగ్రత్తలు వింటే మీరు దండం పెడతారు. రెండు డబ్బాల శబ్దమూ సమానంగా ఉండాలని మీటరు పెట్టి సరిచేశాను. ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే ఎవరికైనా బాగుంటుంది. ఏ డబ్బా ఎవరిదో కనబడకుండా అడ్డంగా దుప్పటి కట్టించాను. పటేల్, డీలర్లిద్దరూ, శ్రీకాంత్, రెబెక్కా, నేను, మొత్తం ఆరుగురం దుప్పటికి ఇవతల కూర్చున్నాం. మాట్లాడకూడదు, ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. కాగితం మీద మొదటిదో రెండోదో టిక్కు పెట్టాలి. దుప్పటి వెనకాల తీగలు మార్చడానికి స్టోర్స్ కీపర్‌ని పెట్టాను. ఏది ముందు కలపాలో అతను నన్ను అడిగాడు.

"పటేల్ గారి మేనల్లుడిది ముందు పెట్టు, నాకు మాత్రం చెప్పనట్టే ఉండు" అన్నాను. అంటే నాకు తెలుసు, తెలియనట్టు ఉంటాను. మా దిక్కు బంతిలో మొదటి విస్తరి ఎవరికి వెయ్యాలో ఎవరూ నేర్పక్కర్లేదు. చేతికి అదే వచ్చేస్తుంది.

సీడీ బయటికి తీసి మళ్లీ పెడుతూ మూడుసార్లు వినిపించాం. మూడుసార్లూ అదే వరస. ప్రతిసారీ వరస మార్చాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. నేను ఆ పుస్తకం చదివినవాణ్ణే, బీరువాలో ఉండేది కూడా. ఆ పూట ఎవరికీ అది గుర్తుకు రాలేదు.

తేడా స్పష్టంగా ఉంది. మొదటి డబ్బాలో దరువు ఖంగుమంది, దెబ్బ దెబ్బకూ గుండె మీద పడింది. రెండో దాంట్లో అదే దరువు మెత్తబడి, తడిసిన అట్టముక్క మీద కొట్టినట్టుంది. ఆరు కాగితాలు విప్పాను. ఆరింటిలోనూ మొదటిదానికే టిక్కు.

ఆరో కాగితం రెబెక్కాది. తన బోర్డుని తనే కాదంది. దుప్పటి తీసి ఏది ఏదో చూపించినప్పుడు ఆమె మొహం చూశాను. ఏడవలేదు. "నిజమే సార్, నాది బొంగురుగనే ఉన్నది" అని బోర్డు విప్పుకుని తీసుకుపోయింది. ఆమె నిజాయితీని నేను అందరి ముందూ మెచ్చుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

శ్రీకాంత్ డబ్బా తయారీకి వెళ్లింది. పటేల్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ప్రతి డబ్బా మీద 'నిపుణుడు విని ధ్రువీకరించినది' అని అచ్చు వేయించి, కింద నా సంతకం వేయించాడు. మా ఆవిడ ఒకటి తెచ్చి షోకేసులో పెట్టింది. రెబెక్కా ఆరేడు నెలలు సోల్డరింగ్ బల్ల మీద పనిచేసి, శామీర్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరిపోయింది.

ఎల్లయ్య విన్నాడు

పరీక్షయ్యాక ఏడాదికి ఎల్లయ్య ఫ్యాక్టరీకి వచ్చాడు. మనవరాలు తాత డప్పు వింటానంటోందట, ఆ సీడీ ఒకటి కావాలన్నాడు. ఇస్తానని, ముందు వినిపించాలన్న సరదాతో మా ధ్రువీకరించిన డబ్బాకు తగిలించి, ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను.

మొదటి దరువుకు ఆయన కాలు ఆడింది. రెండోది మొదలయ్యేసరికి ఆగిపోయింది.

"గిది ఎందుకు పెట్టిండ్రు సారు? గిది సల్లవడ్డంక కొట్టింది గద."

"చల్లబడడం ఏంది?"

"డప్పు సారు. మీరు తీగలు సరిజేసుకుంట కూసున్నరు, ఆడ మంట ఆరిపాయె. తోలు సల్లవడితె గుంజుడు పోతది, మొద్దుగ మోగుతది. ఇంకోపారి సెగకు పెడ్త సారు అని అంటి గద నేను. మీరు, అవసరం లేదు, జల్దీ కానియ్ అంటిరి."

అన్నాను. గుర్తొచ్చింది. ఆయన చేతిలో గడ్డి పట్టుకుని అడగడం, నేను వాచీ చూసుకుంటూ చెయ్యి ఊపడం కూడా గుర్తొచ్చింది. నలభై ఏళ్లు డప్పు కొట్టిన మనిషికి డప్పు గురించి నేను చెప్పాను.

ఆయన వెళ్లాక తలుపు వేసుకున్నాను. రెబెక్కా వెళ్లేటప్పుడు వదిలేసిన నమూనా స్టోర్స్‌లో దొరికింది. ఈసారి స్టోర్స్ కీపర్‌ని పటేల్ గారి ఇంటికి పంపి రిమోట్ తెప్పించాను. ఇద్దరం దుప్పటి అడ్డం కట్టి, ఒకే దరువుని రెండు డబ్బాల్లోనూ, వరస మార్చి మార్చి విన్నాం. ఏది ఏదో చెప్పలేకపోయాను. పందెం కాసి బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది నా తీర్పు. చల్లారిన దరువుని శ్రీకాంత్ డబ్బాకు ఇచ్చి చూస్తే అదీ తడిసిన అట్టముక్కే అయింది. ఆరుగురం ఆ రోజు కన్వర్టర్లను పోల్చలేదు. కాగిన డప్పుని, చల్లారిన డప్పుని పోల్చి, సంతకం పెట్టాం.

పటేల్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయంటవ్. అంటె మనది ఖరాబ్ గాదు. గాదు గదా? ఇగ పరేషాన్ ఎందుకు సాబ్?"

"రెబెక్కాకు చెప్పాలి పటేలా. ఆ అమ్మాయిది ఓడలేదు. సగం ఖర్చులో అయ్యేది."

"జెప్పి ఏం జేస్తవ్? డబ్బాలు అచ్చయి దుకాణాలకు పోయినయ్. వాటి మీద ఉన్న సంతకం నాది గాదు. నీది."

బెదిరింపేమీ కాదు, ఉన్న సంగతే చెప్పాడు. నేను బయటికొచ్చి టీ తాగాను. మర్నాడు వచ్చిన కొత్త డబ్బాల్ని విని, పాసు చేశాను.

శామీర్‌పేట

ఆ కన్వర్టర్ ఏమైందని అడుగుతారేమో. గుమాస్తా కోసం మొదలుపెట్టిన డబ్బా గుమాస్తా కొనలేని ధరకు చేరింది. కొనగలిగినవాడు విదేశీదే కొన్నాడు. షెడ్డు మూసి పటేల్ ఆ స్థలాన్ని ప్లాట్లు చేశాడు. ఇప్పుడు ఇంకా బాగున్నాడు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట ఎంత దూరం? మధ్యలో ఒక ఆటో మారినా గంట పట్టదు. నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నేను ఖాళీగా లేను, సాకులు కూడబెట్టుకున్నాను. ఆమె ఎలాగూ స్థిరపడింది కదా. పాత గాయం ఇప్పుడు కెలకడం ఎందుకు. నా కూతురి పెళ్లి కానీ. ఫ్యాక్టరీ మూతపడ్డాక, సంతకానికి విలువ పోయాక, నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం అంటే అదే అయితే.

స్కూలు వరండాలో రెబెక్కా చేతికి సుద్ద పొడితో వచ్చింది. కుర్చీ వేయించింది, మంచినీళ్లు తెప్పించింది. మొత్తం చెప్పాను. డప్పు, మంట, ఎల్లయ్య మాట, నేను కానియ్యమనడం, ఏదీ దాచలేదు.

"అంటె రెండూ ఒక్కతీర్గనే ఉండెనా సార్?"

"ఒకటే. తేడా ఎంత వెతికినా నాకు దొరకలేదు."

"మరి నేను మొదటిదే మంచిగున్నదని పెడితిని గద."

"నువ్వు సరిగ్గానే విన్నావమ్మా. మొదటి దాంట్లో డప్పు బాగుంది. నీ చెవి తప్పు చెప్పలేదు. పరీక్ష పెట్టినవాడిది తప్పు."

ఆమె కళ్లు తుడుచుకుంది. సుద్ద పొడి చెంపకు అంటింది. "చర్చిల పాట ఎత్తుడు బంద్ జేసిన సార్" అంది. "సొంత చేతుల్తోని చేసిన బోర్డునే గుర్తువట్టని చెవి, శృతి ఏం వడ్తది అనుకున్న. పాస్టర్ గారు అడిగి అడిగి ఇడిసిపెట్టిండు. మా అమ్మ ఇప్పటికీ అడుగుతది, ఎందుకు ఎత్తవే అని."

జీవితమంతా విని బతికినవాడికి, వినడానికి ఇంత కష్టమైనది ఎదురు కాలేదు.

చెంప మీది సుద్ద తుడుచుకుని ఆమె అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

నిన్ననే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎల్లయ్య నిన్ననే వచ్చాడని చెబితే ఆమె నమ్మేది. నా మాటను ఆమె ఎప్పుడూ నమ్మింది, అదే కదా వచ్చిన చిక్కు.

"రెండేళ్లయింది" అన్నాను.

"రెండేండ్లు" అని ఆమె తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత లేచి నిలబడింది. "పిల్లలు ఎదురుచూస్తాండ్రు సార్. పోయి రాండ్రి" అని క్లాసులోకి వెళ్లిపోయింది.

కరీంనగర్ రోడ్డు మీద బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు మీటర్ల గురించి, తీగల గురించి నేను చెప్పగలిగింది చాలా ఉంది, కానీ అవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. తప్పుగా వినడం మనిషన్నవాడికి తప్పదు. తప్పని తెలిసిన రోజే లేచి వెళ్లి చెప్పడం ఒక్కటే మన చేతిలో ఉంది, నేను అది చెయ్యలేదు. ఆమె నన్ను క్షమించిందని ఇక్కడ రాస్తే ఈ వ్యాసం చక్కగా ముగుస్తుంది, పాట మళ్లీ ఎత్తుతోందని రాస్తే ఇంకా చక్కగా ముగుస్తుంది. ఆమె ఆ రెండూ అనలేదు. వినని దాన్ని విన్నానని సంతకం పెట్టడం ఒకసారికి చాలు.